రెండు తలుపుల కారు

పెద్దావిడ కారు దిగనంటోంది.

పొద్దున్నే కాఫీ గ్లాసు కింద పెట్టి, ఎవరికీ చెప్పాపెట్టకుండా వాకిట్లో రేకుల షెడ్డు కిందికి వెళ్లింది. ముందు సీటు మడిచి వెనక సీట్లోకి ఎలా దూరిందో ఆ దేవుడికే తెలియాలి. మాస్టారు చూసేసరికి వీపు వెనక దిండు, ఒళ్లో చేసంచీ, పక్కన మంచినీళ్ల సీసా పెట్టుకుని దర్జాగా స్థిరపడిపోయి ఉంది.

ఆ ఎర్ర కారు చూడ్డానికి ఎంత సోకుగా ఉంటుందో, మనుషులు ఎక్కడానికి అంత ఇబ్బంది. ఉన్నవి రెండే తలుపులు. పైకప్పు వెనక్కి ఏటవాలుగా జారిపోయి ఉంటుంది. వెనక సీటని పేరే గాని, ఏ గొడుగో సంచో పడేసుకోవాలి తప్ప అందులో మనిషన్నవాడు కూర్చోలేడు. పెద్దావిడ మోకాళ్లు దాదాపు గడ్డానికి ఆనుకున్నాయి. అయినా మొహంలో చిరాకన్నది లేదు.

"అమ్మా, దిగమ్మా," అన్నారు మాస్టారు కిటికీ దగ్గర వంగి, ఇప్పటికి ఎన్నోసారో. "మధ్యాహ్నం పళ్ల డాక్టరమ్మ వస్తుంది. బండి ఆవిడకి అప్పజెప్పాలి."

"నా పళ్లు పీకింది చాలక ఇప్పుడు మా ఇంట్లో కారు పీకడానికి వస్తోందా? రానీ. నన్నూ కలిపి పట్టుకుపొమ్మను."

"పోనీ ముందు సీట్లో కూర్చోకూడదూ? ఆ ఇరుకులోకి ఎందుకు దూరావు?"

"ముందు కూర్చుంటే చెయ్యి పట్టుకుని లాగేస్తావు. ఇక్కణ్ణించి ఎలా లాగుతావో లాగు, చూద్దాం."

మాస్టారు తలుపు వైపు చూశారు, సీటు వైపు చూశారు, తల్లి వైపు చూశారు. ఆవిడ అన్నది అక్షరాలా నిజం. ఆ సందులోంచి తనంతట తాను రాదలుచుకోని మనిషిని బయటికి తీయడం ఎవరి తరమూ కాదు.

"అయినా నీకీ కారంటే గిట్టదు కదమ్మా. కొన్ననాడు నేల మీద పాకే బండని ఎంత వెక్కిరించావు?"

"అన్నాను. అప్పుడు ఎక్కలేదు గనక అన్నాను. ఇప్పుడు ఎక్కాను. ఇందులోంచి చూస్తే వీధిలో ఎవరి మొహాలూ కనిపించవు, మోకాళ్లే కనిపిస్తాయి. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో." పెద్దావిడ దిండు సర్దుకుంది. "ఒరేయ్, నీకొక్క మాట చెప్తాను విను. ఈ బండి వచ్చిన దగ్గర్నించీ నీ పెళ్లాం గిన్నెలు కడుగుతూ పాటలు పాడింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అది పాడగలదని నాకు తెలియనే తెలియదు. వారం రోజులై మళ్లీ నోరు మూసుకుంది. ఆ మౌనం నేను చూడలేను. వెళ్లి ఎందుకు అమ్ముతున్నావో చెప్పమని అడుగు."

"అడగలేదనుకున్నావా?"

"అమ్ముతున్నావా అని అడిగావు. ఎందుకు అని అడగలేదు. నేను చెవిటిదాన్ని కాదు."

మాస్టారు ఇంటి వైపు తిరిగారు.

మాస్టారు బడి పంతులు కాదు. కుట్టుమిషన్లు బాగుచేస్తారు. ఇంటి ముందు గదే ఆయన దుకాణం. చుట్టుపక్కల దర్జీలందరూ మాస్టారూ మాస్టారూ అని పిలిచి పిలిచి ఆ పిలుపే పేరై కూర్చుంది. మనిషి బంగారం. ఒక్కటే జబ్బు. ఎక్కడ ఏది చప్పుడు చేసినా ఆయన ఊరుకోలేరు. కిర్రుమన్నా, కీచుమన్నా చెయ్యి దానంతటదే పొడుగు మూతి నూనె డబ్బా మీదికి పోతుంది. బంధువుల ఇంటికి భోజనానికి వెళ్లి, వడ్డన అయ్యేలోపు వాళ్ల తలుపు బందులకు నూనె వేసి వచ్చే మనిషి.

ఆ కారు ఇంటికి వచ్చిన మొదటి రోజే ఆయన దాని తలుపులకు నూనె వేశారు. సీటు జరిగే పట్టాలకు వేశారు. అద్దం తిప్పే పిడికి వేశారు. ఊపు ఆగక సీటు బెల్టు కొక్కేనికి కూడా వేశారు. మర్నాడు డ్యూటీకి ఆ కారులోనే వెళ్లిన భార్య, తెల్లటి యూనిఫారం చొక్కా మీద అడ్డంగా నల్లటి పట్టీతో తిరిగి వచ్చింది. ఆ సాయంత్రమే తీర్మానం జరిగిపోయింది.

"ఇంకొక్క చుక్క నా బండి మీద పడిందంటే మీకూ నాకూ మాటల్లేవు," అని ఆమె అంటే, "నీ మీదొట్టు, ముట్టుకోను," అని ఆయన ఒప్పుకున్నారు.

మాస్టారి భార్య ఊళ్లో బస్సు నడుపుతుంది. వీధిలో అందరూ డ్రైవరమ్మ అంటారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో బస్సుకు ఒక్క గీత పడనివ్వలేదు. ఎవరో మోజుగా కొనుక్కుని, పిల్లలు పుట్టాక వదులుకున్న ఆ పాత స్పోర్ట్సు కారును కొన్నది ఆమే. ఇంట్లో ఎవరినీ అడగలేదు. కొన్నాక మాత్రం అందరికీ చూపించింది, చిన్నపిల్లలా తాళాలు ఆడిస్తూ.

ఆ కారుకు ఒక్కటే లోపం. బ్రేకు తొక్కినప్పుడల్లా ముందు చక్రాలు కీచుమనేవి. ఆ చప్పుడు వీధి మొదట్లోనే వినిపించేది. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు చెవులు మూసుకుని నవ్వేవాళ్లు. డ్రైవరమ్మ పట్టించుకునేది కాదు. "దుమ్ము పట్టి అరుస్తోంది, అరవనీ. వీలు చూసుకుని బ్రేకు ప్యాడ్లు మారుస్తాను," అనేది. పాత యజమాని ఇచ్చిన కొత్త ప్యాడ్ల పెట్టె డిక్కీలోనే ఉంది.

ఆమె పట్టించుకోలేదు గాని మాస్టారికి మాత్రం ఆ కీచు గుండెల్లో గుచ్చుకునేది. తన భార్యను చూసి వీధి నవ్వడమా? ఎనిమిది రోజుల కిందట, శనివారం నాడు ఆమె డ్యూటీలో ఉన్నప్పుడు, ఒట్టు సంగతి పక్కన పెట్టి, నూనె డబ్బా తీసుకుని షెడ్డులోకి వెళ్లారు. చక్రం ఆకుల సందులోంచి లోపల తళతళలాడుతున్న ఉక్కు పళ్లెం కనిపించింది. కీచు అక్కణ్ణించే వస్తోందని ఆయన చెవి చెప్పింది. రెండు చక్రాలకూ తృప్తిగా నూనె పట్టించారు. చెప్పకుండా చేసిన పని ఆమె తనంతట తానే కనిపెట్టి మెచ్చుకోవాలని ఆయన ఆశ.

మెచ్చుకోలు మాట దేవుడెరుగు. మర్నాడే ఇసుక గుట్ట వ్యవహారం జరిగింది.

ఆదివారం పొద్దున డ్రైవరమ్మ కారు తీసింది. వీధి చివర మలుపులో, కొత్తగా ఇల్లు కడుతున్న చోట రోడ్డు పక్కన ఇసుక పోసి ఉంది. ఆమె బ్రేకు తొక్కింది. కారు ఆగలేదు. తీరిగ్గా జారుకుంటూ పోయి ఆ ఇసుకలో ముక్కు దూర్చి నిలబడింది. ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. కారు మూతి మీద చిన్న గీత పడింది, అంతే. నలుగురూ కలిసి బండిని ఇంటికి నెట్టుకొచ్చారు.

డ్రైవరమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ సాయంత్రం, కారు కొన్న మొదటి వారం నుంచీ అమ్మమని బతిమాలుతున్న పళ్ల డాక్టరమ్మకు ఫోను చేసింది. "మీరడిగిన బండి మీదే. వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళ్లండి," అంది. తర్వాత డిపోకు ఫోను చేసి వారం సెలవు పెట్టింది. అంతటితో సరి. ఇంట్లో మాటలు కరువయ్యాయి.

మాస్టారు లోపలికి వెళ్లేసరికి ఆమె ఇస్త్రీ చేస్తోంది. బల్ల మీద యూనిఫారం చొక్కా.

"మీ అమ్మగారు దిగారా?"

"లేదు."

ఇస్త్రీ పెట్టె కాలరు మీద నుంచి జేబు మీదికి వచ్చింది.

"నువ్వు చెప్తే దిగుతుంది."

"నేను చెప్పను."

మాస్టారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. స్టూలు కిర్రుమంది. ఆయన చెయ్యి జేబు వైపు కదిలి, సిగ్గుపడి ఆగింది.

"ఎందుకు అమ్ముతున్నావు?"

ఆమె చొక్కా తిరగేసింది.

"నిన్నే అడుగుతున్నాను. ఆ కారంటే ప్రాణం పెట్టావు. చిన్న గీత పడితే అమ్మేసుకుంటారా ఎవరైనా? ఆ గీత నేను రుద్ది పోగొడతాను."

"గీత కోసం కాదండీ."

"మరి?"

"రేపు డిపోకి వెళ్లి చెప్పేస్తాను. నన్ను టికెట్ల కౌంటర్లో వేయమంటాను."

కారు పోతుందనుకున్నారు గాని బస్సు కూడా పోతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఈ చొక్కా ఇస్త్రీ డ్యూటీ కోసం కాదన్నమాట. మడిచి లోపల దాచేయడానికి.

"నీకేమైనా పిచ్చా? బస్సు మానేస్తావా?"

"బస్సులో నా వెనక అంతమంది కూర్చుంటారు. సగం మంది నిద్రపోతారు. దేన్ని నమ్మి నిద్రపోతారనుకుంటున్నారు? నా కాలిని నమ్మి." ఆమె ఇస్త్రీ పెట్టెను నిలబెట్టింది. "ఆ కాలే ఇప్పుడు నా మాట వినడంలేదు."

"కాలికేమైంది?"

"పడలేదు. బ్రేకు మీద పడలేదు. పడిందనే అనుకున్నాను. ఒట్టేసి చెప్తున్నాను, తొక్కానని నాకు తెలుసు, తొక్కినట్టే ఉంది. కాని తొక్కుంటే కీచుమనాలి కదా? కొన్న దగ్గర్నించీ తొక్కిన ప్రతిసారీ వీధంతా వినిపించేలా అరిచిన బండి ఆ రోజు కిక్కురుమనలేదు. అంటే నేను తొక్కలేదనే కదా. ఇంటికొచ్చి బ్రేకు ఆయిలు చూశాను, నిండుగా ఉంది. పెడల్ నొక్కి చూశాను, రాయిలా ఉంది. బండిలో ఏ తప్పూ లేదు. ఇంక తప్పు ఎవరిలో ఉందో మీరే చెప్పండి."

మాస్టారు తన చేతుల వైపు చూసుకున్నారు.

కుట్టుమిషన్లో దారపు కండె చుట్టే చోట చిన్న రబ్బరు చక్రం ఉంటుంది. దానికి నూనె తగిలిందా, పట్టు జారిపోతుంది, కండె తిరగదు. తెలియక నూనె వేసి తెచ్చిన దర్జీలను మాస్టారు ఎంత తిడతారో లెక్కలేదు. "జారాల్సిన చోట వెయ్యాలి గాని, పట్టుకోవాల్సిన చోట వేస్తారటయ్యా?" అని నిన్న కూడా ఒకణ్ణి ఉతికి ఆరేశారు. అలాంటి మనిషి, తన చేత్తో, తన భార్య కారు బ్రేకులకు నూనె పోశారు.

చెప్పక తప్పదు. చెప్పకపోతే ఆమె కాలు ఆమెకు ఎప్పటికీ తిరిగి రాదు. పైగా మధ్యాహ్నం ఆ డాక్టరమ్మ అదే బ్రేకులతో బండి తోలుకుపోతుంది. మాస్టారు స్టూలు మీంచి లేచారు. నోరు తెరిచారు. మూశారు. మళ్లీ తెరిచారు.

"నువ్వు తొక్కావు," అన్నారు.

"మీకెలా తెలుసు?"

"కీచు పోయింది నీ వల్ల కాదు. నేనే పోగొట్టాను."

"అంటే?"

"శనివారం... నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు..."

డ్రైవరమ్మ రెండు చేతులూ బల్ల మీద ఆనించింది. "నూనె వేశారా?"

మాస్టారు తలూపారు.

"ఎక్కడ?"

"ముందు చక్రాలకి. ఆకుల సందులోంచి లోపల పళ్లెం లాంటిది కనిపించింది. దాని మీద."

"ఒక చుక్కా?"

"చుక్క కాదు," అన్నారు మాస్టారు, నేల వైపు చూస్తూ. "దండిగానే వేశాను. బాగా పట్టాలని."

వాకిట్లోంచి పెద్దావిడ దగ్గు వినిపించింది. మాస్టారు తల ఎత్తలేదు. ఇస్త్రీ పెట్టె వచ్చి తన నెత్తిన పడుతుందేమో, పడితే పడనీ అనుకున్నారు.

డ్రైవరమ్మ చెప్పు విడిచింది. కుడి కాలు కాస్త పైకెత్తి దాన్ని అలాగే చూసింది. వేళ్లు ఆడించింది. పాదాన్ని నేల మీద ఆనించి గట్టిగా నొక్కింది. మళ్లీ నొక్కింది.

"అయితే నా కాలు బాగానే ఉందన్నమాట."

"భేషుగ్గా ఉంది. తప్పంతా నా చేతిది."

"నేను తొక్కాను."

"తొక్కావు."

"సరిగ్గా తొక్కాల్సిన చోటే తొక్కాను."

"తొక్కావు తల్లీ, తొక్కావు. నన్ను తిట్టు. ఏదో ఒకటి అను."

ఆమె బల్ల అంచున కూర్చుండిపోయి నవ్వడం మొదలుపెట్టింది. ముందు సన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని, తర్వాత కళ్ల నీళ్లు కారేలా నవ్వింది. వాటిలో ఏవి నవ్వు నీళ్లో, ఏవి వారం రోజులు బిగబట్టుకున్న ఏడుపు నీళ్లో మాస్టారికి అర్థం కాలేదు. ఆయన కళ్లు కూడా చెమర్చాయి. ఆ ఆనందం తట్టుకోలేక ఆయన కూడా నవ్వబోయారు.

"మీరు నవ్వకండి," అంది ఆమె ఠక్కున ఆగి. "మీ మీద నాకు ఇంకా కోపం రాలేదు. రావాల్సి ఉంది. వచ్చినప్పుడు చెప్తాను. నడవండి ముందు."

"ఎక్కడికి?"

"ఎక్కడికేమిటి? నూనె పోసిన చేతులతోనే తుడవాలి."

షెడ్డు దగ్గర కొత్త చిక్కు వచ్చింది. చక్రాలు విప్పాలంటే కారును జాకీ మీద లేపాలి. లేపాలంటే లోపల మనిషి ఉండకూడదు. లోపల మనిషేమో పట్టు విడవదు.

"అత్తయ్యా, దిగండి," అంది డ్రైవరమ్మ.

"దిగితే అమ్మేస్తారు."

"దిగకపోతే బాగుచేయలేం."

"ఏమిటి బాగుచేసేది? మొగుడూ పెళ్లాలూ ఇద్దరూ కలిసి నా చెవిలో పువ్వులు పెట్టకండి."

"మీ అబ్బాయి బ్రేకులకి నూనె వేశారత్తయ్యా."

పెద్దావిడ కొడుకు వైపు చూసింది. ఆ చూపుకు మాస్టారు ఒక్కసారిగా నిక్కరేసుకునే వయసుకు వెళ్లిపోయారు.

"నా ఊతకర్ర కింది రబ్బరు బిళ్లకి కూడా వీడే వేశాడమ్మాయ్, పోయిన ఏడాది. వంటింట్లో జర్రున జారాను. నువ్వు బెంగపడతావని చెప్పలేదు." పెద్దావిడ చేసంచీ భుజాన వేసుకుంది. "దిగుతాను గాని ఒక షరతు. బాగయ్యాక మొదట నన్నే తిప్పాలి."

"మొదట నేనొక్కదాన్నే తోలి చూసుకోవాలి. రెండో సవారీ మీదే."

"సరే, రెండోది. మాట తప్పావో, మళ్లీ వచ్చి ఇక్కడే కూర్చుంటాను."

ఎక్కడం ఎలా ఎక్కిందో గాని, దిగడానికి మాత్రం ఇంటిల్లిపాదీ కష్టపడాల్సి వచ్చింది. ముందు చేసంచీ వచ్చింది, తర్వాత దిండు, తర్వాత ఒక కాలు. కోడలు ఇటు పట్టుకుంటే, కొడుకు అటు పట్టుకున్నాడు. పెద్దావిడ మధ్యలో చిక్కుకుని, నవ్వొచ్చి, నవ్వుతో ఒళ్లు వదులై, సగం లోపల సగం బయట కాసేపు ఉండిపోయింది. ఆవిడ నవ్వు ఆగేదాకా ఆ ఇద్దరూ నవ్వుతూ నిలబడ్డారు.

తర్వాత పని మొదలైంది. డ్రైవరమ్మ జాకీ పెట్టి కారు లేపింది, కింద దిమ్మలు ఆనించింది, చక్రం ఊడదీసింది. లోపలి పళ్లెం నూనెతో మెరుస్తోంది. దాన్ని రెండు వైపులా నొక్కిపట్టాల్సిన ప్యాడ్లు నూనె తాగి నల్లబడ్డాయి. వాటిని వేలితో ముట్టి చూపించింది. మాస్టారు తలొంచుకున్నారు.

"ఇవి ఇంక పనికిరావు. పారేయండి. పళ్లెం స్పిరిటుతో తుడవండి. నేను చాలు అనేదాకా తుడవండి."

మాస్టారు తుడిచారు. గుడ్డ మార్చి మార్చి తుడిచారు. ఆయన చాలనుకున్నప్పుడల్లా ఆమె చూపుడు వేలితో గీసి చూసి, "ఇంకా ఉంది," అంది. పెద్దావిడ కుర్చీ వేయించుకుని పక్కనే కూర్చుని, "ఆ మూల వదిలేశాడు చూడమ్మాయ్," అని ఎగదోసింది. కొత్త ప్యాడ్లు బిగించడానికి అసలు సిసలు నేర్పు కావాలి. అక్కడ మాస్టారి వేళ్లు బాగా పనికొచ్చాయి. రవ్వంత చోట్లో పట్టు దొరకని పిన్నును ఆయన ఇట్టే పట్టేశారు. డ్రైవరమ్మ పానా అందించేటప్పుడు ఆయన మణికట్టు మీద ఒక్క క్షణం చెయ్యి వేసింది. మాస్టారికి అది చాలు.

రెండో చక్రం బిగిస్తుండగా ఆయన ధైర్యం చేశారు. "ఇంక అమ్మవుగా?"

ఆమె చేతులు ఆగాయి.

"మాట ఇచ్చాను."

"వెనక్కి తీసుకో. కారణం చెప్పు. ఆవిడ మాత్రం అర్థం చేసుకోదా?"

"ఆవిడ తన పాత కారు చెల్లెలికి ఇచ్చేసింది. ఇది పెట్టుకోవడానికి షెడ్డు వేయించుకుంది. మొన్న ఫోనులో రంగు మార్చవద్దుగా, ఎరుపే బాగుంటుంది కదా అని అడుగుతోంది. ఆ గొంతు విన్నాక నేను ఏ మొహం పెట్టుకుని చెప్పను? కొన్నప్పుడు నా గొంతూ అలాగే ఉండేది."

మాస్టారు మళ్లీ చక్రం వైపు తిరిగారు. ఈ నష్టం కూడా తన నూనె పుణ్యమే. దాన్ని తుడవడానికి స్పిరిటు దొరకదు.

చక్రాలు కిందికి దిగాయి. డ్రైవరమ్మ సీట్లో కూర్చుని, పెడల్ గట్టిపడేదాకా తొక్కింది. మెల్లగా షెడ్డులోంచి బయటికి తీసింది. ఖాళీ వీధిలో మనిషి నడిచే వేగంతో వెళ్లి ఆపింది. ఇంకాస్త వేగంగా వెళ్లి ఆపింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ ఆపింది. గేటు దగ్గర నిలబడిన మాస్టారు ఆమె ఆపిన ప్రతిసారీ తన కుడి కాలు కూడా నేలకు నొక్కారు. తిరిగి వచ్చేసరికి ఆమె మొహం చూసి, ఎలా ఉందని అడగాల్సిన అవసరం లేకపోయింది.

"ఎక్కండత్తయ్యా," అంది.

ఈసారి ఎక్కించడం తేలికైంది. దిండు వెళ్లింది, పెద్దావిడ వెళ్లింది. మాస్టారు ముందు సీట్లో కూర్చున్నారు, ఏ మీటనూ ముట్టుకోకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని. కారు వీధి దాటి పెద్ద రోడ్డెక్కింది. పెద్దావిడ వెనక నుంచి ఒకటే వ్యాఖ్యానం. "అదుగో మోకాళ్లు. ఇదుగో కుక్క. అది నా మొహంలోకే చూస్తోందిరా. అమ్మాయ్, ఇంకాస్త పోనీ. ఇంకాస్త." డ్రైవరమ్మ ఇంకాస్త పోనిచ్చింది. అప్పుడు మొదలుపెట్టింది పాట. మాటలు సగం మరిచిపోయి, మరిచిపోయిన చోటల్లా ఊఁ కొడుతూ పాడింది. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించారు. ఈ సంతోషం ఇంకొక్క గంటలో చెయ్యి జారిపోతుందని ఆయనకు తెలుసు.

రోడ్డు వంపు తిరిగాక, బస్సు స్టాపు దగ్గర ఒక మనిషి చెయ్యెత్తింది.

చెయ్యెత్తిన మనిషిని దాటి పోవడం డ్రైవరమ్మకు చేతకాదు. ఇన్నేళ్ల అలవాటు. కాలు దానంతటదే పడింది. కారు గీత గీసినట్టు, ఆ మనిషి ముందే ఆగింది.

చెయ్యెత్తింది పళ్ల డాక్టరమ్మ. ఇప్పుడే బస్సు దిగినట్టుంది. చేతిలో కొత్త తాళాల గుత్తి రింగు, ఇంకా తాళాలు పడనిది, వేలికి తగిలించుకుని ఉంది. కారును చూడగానే ఆమె మొహం వెలిగిపోయింది.

"నా కోసమే తెస్తున్నారా? నేనే వద్దామని బయల్దేరాను," అంది వంగి. వెనక సీట్లోకి చూసి, "మామ్మగారూ, కట్టుడు పళ్లు సరిగ్గా పట్టుకుంటున్నాయా?" అంది.

"పట్టుకుంటున్నాయి. నేను కూడా దీన్ని పట్టుకునే ఉన్నాను," అంది పెద్దావిడ సీటు మీద చెయ్యేసి.

డాక్టరమ్మ నవ్వింది. డ్రైవరమ్మ నవ్వలేదు. ఇంజను ఆడుతూనే ఉంది. ఆమె మొగుడి వైపు తిరిగింది.

"మీరు దిగండి."

"నేనా?"

"ముందు ఉన్నది ఒక్క సీటే కదా. ఆవిడ కూర్చోవాలి."

మాస్టారు దిగారు. డాక్టరమ్మ కూర్చుని తలుపు వేసుకుంది. మాస్టారు కారు చుట్టూ తిరిగి అవతలి కిటికీ దగ్గరికి వెళ్లి, గొంతు తగ్గించి అడిగారు. "ఇచ్చేస్తున్నావా?"

"ఆ రోజు ఏం జరిగిందో ఆవిడకి చెప్పాలి," అంది ఆమె తల బయటికి వంచి, అంతే మెల్లగా. "అంతా చెప్పి, నా మాట నాకు తిరిగి ఇమ్మని అడుగుతాను. ఇస్తే ఇస్తుంది, లేకపోతే లేదు. ఇవ్వకపోయినా రేపు నేను బస్సు ఎక్కుతాను." ఆమె గేరు వేసింది. "మీరు నడిచి ఇంటికి రండి. దారిలో దేనికీ నూనె వెయ్యకండి."

కారు కదిలిపోయింది. మురికి చేతులతో, ఇంట్లో వేసుకునే చెప్పులతో మాస్టారు రోడ్డు పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయారు. వెనక అద్దంలో తల్లి తల, ముందు రెండు తలలు. ఆ రెండు తలలూ ఒకదాని వైపు ఒకటి తిరిగాయి. డ్రైవరమ్మ చెయ్యి ఒకటి గాల్లోకి లేచి, నూనె డబ్బా వంచినట్టు వంగింది.

చాలా దూరం వెళ్లాక కారు ఆగింది. రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. ఇద్దరూ దిగారు. కారు ముందు నుంచి ఎదురెదురుగా నడిచి చోట్లు మార్చుకున్నారు. స్టీరింగు వైపు పళ్ల డాక్టరమ్మ వెళ్లింది.

డ్రైవరమ్మ ఇటు వైపు తలుపు పట్టుకుని, ఎక్కబోతూ వెనక్కి తిరిగి మాస్టారిని చూసింది. నడుం మీద చెయ్యి వేసుకుని, తల వెనక్కి వాల్చి నవ్వింది. అది ఇచ్చేసి నవ్విన నవ్వో, దక్కించుకుని నవ్విన నవ్వో అంత దూరం నుంచి ఆయనకు తెలియలేదు. వారం తర్వాత ఆమె వీధిలో నిలబడి నవ్వుతోంది. మాస్టారు తెలియకుండానే రెండు చేతులూ ఎత్తి ఊపారు. ఆమె ఎక్కింది, తలుపు పడింది, కారు మలుపు తిరిగింది.